నేను ఇరిసింది సీతాఫలమే

నాకు అక్షరాలు సంతకం వరకే వస్తయి. అది సుత పప్పు మిల్లుల హాజరు బుక్కుల ఏలిముద్ర ఏసుడు నామోషీ అనిపిచ్చి నేర్చుకున్న. గందుకే నేను చెప్తున్న, మా కోడలు రాస్తున్నది. తాండూరు మిల్లులల్ల కంది దుమ్ము మింగి మింగి నా గొంతు గీరుకపోయింది, మెల్లగ మాట్లాడుడు రాదు. పక్కింటోళ్ళకు సుత ఇనపడ్తది. ఇననీ. ముప్పై ఏండ్లు నా గురించి వాళ్ళు చెప్తుంటే నేను ఇన్న. ఇప్పుడు నేను చెప్తుంటే వాళ్ళు ఇంటరు.

నా గురించి వాళ్ళు చెప్పేది ఒక్కటే మాట. గ్రహణం నాడు నేను సీతాఫలం ఇరిసిన, అందుకు నా పెద్దకొడుకు గుండె ఇరిగింది, సచ్చిపోయిండు. గా మాట నిజం అనుకొనే నేను ముసల్దాన్ని అయిన.

అప్పుడు నాకు ఇరవై ఏండ్లు ఉంటయేమో. పెండ్లయి ఏడాది దాటింది, ఏడో నెల కడుపు. దీపావళి తెల్లారి పొద్దుగాల సూర్యగ్రహణం పట్టింది. మా దిక్కు కడుపుతోని ఉన్న ఆడిది గ్రహణం ఇడిసేదాక చీకటి అర్రల ఎల్లెలకల పండుకోవాలె. కాళ్ళు ముడవొద్దు, గోరు గిల్లొద్దు, ఏం తినొద్దు. ఏది కోస్తే కడుపుల పిల్లకు అది తెగుతదంట, ఏది ఇరిస్తే అది ఇరుగుతదంట. మా అత్త తెల్లారకముందే లేపి, నాకు నీళ్ళు తాపిచ్చి, అర్రల పండవెట్టి తలుపు దగ్గరికేసింది.

మంచం కింద గంపల గడ్డి ఏసి సీతాఫలాలు మాగవెట్టి ఉన్నయి. నాకు ఇష్టమని మా ఆయన వికారాబాద్ గుట్టల దిక్కు పోయినప్పుడు తెచ్చినయే. చీకట్ల వాసన ఇంక ఎక్కువ కొడ్తది. కడుపుల పోరడు తన్నుతుండు. ఆ ఆకలి నాదో వానిదో నాకు ఇప్పటికీ తెల్వదు. మంచం మీదికెళ్ళి చెయ్యి కిందికి ఏసిన, మెత్తగున్నదాన్ని చూసి ఒకటి తీసిన. రెండు చేతుల నడుమ వెట్టి జర ఒత్తంగనే రెండు చెక్కలైంది. చప్పుడు సుత కాలే. తిన్న. గింజలు ఒక్కొక్కటి ఉమ్మి కొంగుల ముడేసుకున్న.

గ్రహణం ఇడిసినంక ఇంటోళ్ళందరు తలకు పోసుకోవాలె. తానం చేసే జాలాట్ల నాపరాయి బండ మీద నిలవడి కొంగు ఇడిసిన, ముడి సంగతి మర్సిపోయిన. గింజలు బండ మీద రాలినయి. నల్లగ, నున్నగ ఉండి నీళ్ళల్ల జారుకుంట మోరి దిక్కు పోతున్నయి. అత్త చెంబు పట్టుకొని అట్లనే నిలవడ్డది. కొట్టలే, తిట్టలే. గింజలను చూసింది, నా కడుపును చూసింది.

"ఇరిసినవా?" అన్నది. అంతే.

పోరడు పుట్టినప్పుడు మంచిగనే ఉన్నడు. మూడు నెలలు అత్త సుత మర్సిపోయినట్టే ఉండె. అటెన్క వాడు ఏడ్చినప్పుడల్లా పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టు అయితుండె, గోర్లు సుత గట్లనే. నడక నేర్సినంక నాలుగడుగులు ఏసి గొంతుకూసునేటోడు. మోకాళ్ళు ఛాతికి ఆనిచ్చి, తల వంచి, నేల మీద ఏదో పోతే దేవులాడినట్టు. జర సేపైనంక లేచి మల్ల నాలుగడుగులు. వాడకట్టు పోరగాండ్లు "కోడి పొదుగుతున్నది" అని నవ్వేటోళ్ళు. ఒకట్రెండుసార్లు నేను సుత నవ్విన. అది యాదికొస్తే ఇప్పటికి నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తది.

తాండూరుల ఒక డాక్టరు గొట్టం వెట్టి ఇని, గుండెల తేడా ఉన్నది, జల్ది పట్నం తీస్కపోండ్రి అన్నడు. మా ఆయన తయారైండు. తెల్లారి బస్సుకు సంచి సదిరి వాకిట్ల వెట్టిండు. మా అత్త గడపకు అడ్డం కూసున్నది.

"గ్రహణం పట్టినదానికి డాక్టరు ఏం చేస్తడురా? అది పండు ఇరిసింది, పోరని గుండె ఇరిగింది. ఇరిగినదాన్ని పట్నంల అతుకవెడ్తరా?"

మా ఆయన నా దిక్కు చూసిండు. నువ్వు ఒక్క మాట అను, పోదాం అన్నట్టు చూసిండు. నేను తల వంచిన. నా చేతుల్తోని నేనే చేసుకున్న, దీనికి దవాఖాన ఎక్కడ ఉంటది అనుకున్న. బస్సు పోయింది. పోరనికి తాయెత్తు కట్టిచ్చిండ్రు. ఏడాదిన్నర నిండకముందే పోయిండు. వాకిట్ల నాలుగడుగులు ఏసి కూసున్నడు, మల్ల లేవలే.

అటెన్క ఎవరింట్ల శ్రీమంతం అయినా నన్ను పిలిచేటోళ్ళు, వంట కాడికి. గాజులు తొడిగే కాడికి పోతే ఎవరో ఒకరు భుజం పట్టి ఎనకకు జరిపేటోళ్ళు. "నువ్వు గిన్నెలు చూడు పో" అనేది మా వదినె. వదినె అంటే మా ఆయన అక్క, తాండూరులనే మాకు రెండు గల్లీల అవుతల ఉంటది, కిరాణం దుకాణం వాళ్ళది. అత్త పోయినంక గా మాటను సచ్చిపోనియ్యకుంట బతికిచ్చింది గామెనే. కొత్తగ కడుపైన పిల్ల ఎవరన్న కనపడ్తె నన్ను చూపిచ్చి కథ చెప్పేది. "పైలం బిడ్డా, గామె లెక్క చెయ్యకు" అని.

మా ఆయన మాత్రం నోటితోని ఒక్కనాడు అనలే. అనుంటే బాగుండు, నేను సుత తిరిగి ఏదన్న అందును. ఆయన సీతాఫలం తినుడు బంద్ చేసిండు. ఇంట్లకు రానిచ్చుడు బంద్ చేసిండు. సీజన్ల వికారాబాద్ బస్టాండు కాడ గంపలు గంపలు వెట్టుకొని కూసుంటరు గద, బస్సు ఆగంగనే తల అటు తిప్పుకునేటోడు. నేను పక్క సీట్ల కూసొని ఆయన తల ఎనకభాగం చూసేదాన్ని. ఎన్ని సీజన్లు చూసిననో. రెండో కొడుకు పుట్టిండు, మంచిగున్నడు, పెద్దోడైండు, ఆటో నడుపుతుండు. అయినా గా తల తిరుగుడు ఆగలే. ఏడేండ్ల కింద మా ఆయన జ్వరంతోని పోయిండు. గా మాట అనకుంటనే పోయిండు.

కొడుక్కు పరిగి పిల్లను చేసిన. తల్లి లేని పిల్ల, అన్న ఇంట్ల పెరిగింది, పన్నెండు చదివింది. పెండ్లైన రెండో ఏడు నీళ్ళోసుకున్నది. మూడు నెలలు నిండినప్పుడు చంద్రగ్రహణం పట్టింది. అప్పుడు ఈ పిల్ల పరిగిల అన్న ఇంట్ల ఉన్నది. నేను ఫోన్ల పదిసార్లు చెప్పిన, కదలకు, ఏం ముట్టకు అని. వాళ్ళ వదిన ఏం చూసుకున్నదో, ఈ పిల్ల ఏం చేసిందో నాకు ఫికర్ ఉండనే ఉన్నది.

ఐదో నెల నిండినంక స్కాన్ చేసిండ్రు. గుండె మంచిగ కనపడ్తలేదు, వికారాబాద్ పోండ్రి, కడుపుల పిల్లల గుండెలు చూసే డాక్టరమ్మ వస్తది అని రాసిచ్చిండ్రు. కోడలు, నేను పొద్దుగాల రైలెక్కి పోయినం. కొడుకు ఆటో కిరాయి ఉన్నదని రాలే. రాలే అంటే, భయపడ్డడు.

డాక్టరమ్మ నా కోడలి కంటె నాలుగేండ్లు పెద్దదుంటదేమో. టీవీ దిక్కు చూసుకుంట మస్తు సేపు గొట్టం కడుపు మీద అటు ఇటు జరిపింది. ఒక్క జాగ కాడికే మల్ల మల్ల తెస్తున్నది. గది చూసి నాకు తెల్సిపోయింది. కడకు అన్నది, "అమ్మా, కడుపులున్న బిడ్డ గుండెలో రెండు గదుల నడుమ గోడకు రంధ్రం ఉన్నది. ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకుగ ఉన్నది."

ఆమె ఇంక చెప్తనే ఉన్నది. నేను కోడలి దిక్కు తిరిగిన. మంచం మీద పొట్ట మీద జిగురు సుత తుడుసుకోలే ఆ పిల్ల.

"పరిగిల గ్రహణం నాడు ఏం కోసినవే?" అన్న.

ఈ మాట రాయను అంటున్నది మా కోడలు. పోనీ అత్తమ్మా, ఎందుకు అంటున్నది. రాయి అన్న. రాయకుంటే నేను చెప్పుడు బంద్ చేస్త అన్న. రాస్తున్నది.

అది నా గొంతే గని నా గొంతు కాదు. నీళ్ళ చెంబు పట్టుకొని నిలవడ్డ గొంతు అది. ముప్పై ఏండ్లు నన్ను తిన్న మాట, నేను మింగిన అనుకున్న. నోట్లనే పెట్టుకొని ఉన్న, అడ్డమొచ్చినోళ్ళ మీద ఉమ్మేతందుకు.

కోడలు ఏడ్వలే. "ఏం కొయ్యలే అత్తమ్మా," అన్నది. అటెన్క మెల్లగ, "రొట్టె తుంచిన," అన్నది.

డాక్టరమ్మ గొట్టం పక్కకు వెట్టింది. "ఎప్పుడమ్మా గ్రహణం?"

"మూడు నెలలు నిండినప్పుడు."

"అప్పటికి గుండె తయారైపోయింది."

నాకు తెలివి లేదని ఎక్కిరిస్తున్నది అనుకున్న. ఎక్కిరియ్యలే. ఒక కాయితం ఎనకకు తిప్పి పెన్ను తీసింది. బయట ఇంక పదిమంది లైన్ల ఉన్నరు, అయినా గీసింది. ఆమె చెప్పింది నాకు ఎట్ల అర్థమైందో గట్లనే చెప్తున్న, తప్పులుంటే నాయి.

నెల తప్పింది అని ఆడిదానికి తెల్వకముందే పని మొదలైతదంట. అప్పుడు కడుపులున్నది పిల్ల కాదు, నువ్వుగింజ సుత కాదు. దాంట్ల కొన్ని కణాలు ఉంటయంట. కణం అంటే కంటికి కనపడని బుడ్డ ముక్క, మన ఒళ్ళంతా గవాటితోనే అయింది అన్నది. ఈ కణాలు ఇంక గుండె కావు. గుండె కావాలె అని ఎంచుకున్నయి, అంతే. గవి రెండు దిక్కులకెళ్ళి నడిచి వస్తయంట. నడుస్తయా అని అడిగిన. నడుస్తయి అన్నది, ఒకదాన్నొకటి జరుపుకుంట. వచ్చి నడుమల కలుసుకొని ఒక సన్నటి గొట్టం అయితయి. గా గొట్టం అప్పటికే కొట్టుకుంటది. మూడు వారాల పిల్ల. ఇంట్ల ఎవ్వరికి తెల్వదు.

నేను మిల్లు మనిషిని. మిల్లుల ఒక్క కంది గింజ రెండు బద్దలైతది, మా బతుకు గదే. గాడ రెండు బద్దలు వచ్చి ఒక్కటైతున్నయి అనుకున్న. గంత వరకు అర్థమైంది.

"మొదటి జట్టు కణాలు గొట్టం చేసి సగం పని చేస్తయి," అన్నది డాక్టరమ్మ. "ఎనకనే ఇంకో జట్టు వస్తది. గొట్టానికి రెండు కొనల కాడ చేరి పొడుగు చేస్తది. గుండె కుడి గది, రక్తం బయటకు పోయే దారి, ఇవి ఆ రెండో జట్టు పని. గొట్టం మెలి తిరుగుతది, నడుమ గోడలు లేస్తయి. ఆ రెండో జట్టు తక్కువ వచ్చినా, రావలసిన చోటికి రాకున్నా, దారి పక్కకు జరిగి ఇరుకైతది. గోడ కలవదు. ఈ బిడ్డకు అట్లనే అయి ఉంటది. ఇదంత రెండు నెలలు, రెండున్నర నెలల్ల అయిపోతది. అటెన్క గుండె పెరుగుడే, కొత్తగ కట్టుడు లేదు. మూడు నెలలకు ఈమె రొట్టె తుంచితే ఏమైతది? కొండను కొట్టినా ఏం కాదు."

నేను కాయితం చూసిన. గొట్టం, దాని పక్కన చుక్కలు చుక్కలుగ వస్తున్న కణాలు. గొట్టం మీద ఏలు వెట్టి అడిగిన.

"ఏడో నెలల అయితే?"

"ఏది?"

"ఏడో నెలల పండు ఇరిస్తే."

"ఏడో నెలల ఇరిగేతందుకు ఏం మిగలదమ్మా. అంతకు నాలుగు నెలల ముందే అయ్యేది అయిపోయి ఉంటది." నా మొఖం చూసింది. "ఎవరికి?"

చెప్పిన. అంతా చెప్పలే, పెదవులు నీలం అయ్యేటివి అని అంతవరకే చెప్పిన. ఆమె అడిగింది, "నడిచి గొంతుకూసునేటోడా? మోకాళ్ళు దగ్గరికి తీసుకొని?"

నా కొడుకును చూడని మనిషి. నా కొడుకు పోయినప్పుడు ఈమె పుట్టిందో లేదో. ఆ ఇంట్ల మేము ముగ్గురం తప్ప వాడు ఎట్ల కూసునేటోడో ఎవ్వరికి యాదికి లేదు, ఇప్పుడు ఇద్దరు లేరు. ఈమె చెప్తున్నది.

"అట్ల కూసుంటే ఊపిరితిత్తులకు జర ఎక్కువ రక్తం పోతది," అన్నది. "పిల్లలు వాళ్ళంతట వాళ్ళే తెలుసుకుంటరు. ఇదే జబ్బు అయి ఉంటదమ్మా. ఆపరేషన్ ఉన్నది దీనికి."

"అప్పుడు సుత ఉండెనా?"

ఆమె కాయితం మడిచి ఇచ్చింది. ఉండె అని నాకు అర్థమైంది.

ఒక్కటి అడిగిన లేచేముందు. "మరి రెండో జట్టు ఎందుకు రాదు సరిగ్గ? ఎవరి తప్పు?"

"ఎక్కువమందిల ఎందుకో మాకే తెల్వదమ్మా. తప్పు ఎవ్వరిది కాదు."

మీరనుకుంటరు, నెత్తి మీది బరువు దిగింది, మంచిగైంది అని. దిగలే. రైల్ల తాండూరు వచ్చేదాక నాకు పండ్లు నూరుకునుడే. ముప్పై ఏండ్లు వాడు నా దగ్గర విడిచిపోయింది గా తప్పొక్కటే. ఫోటో లేదు, అంగీ లేదు. పండు ఇరిసిన చేతులున్నయి అనుకొని చూసుకునేదాన్ని, వానికీ నాకూ నడుమ గదొక్కటే తాడు. దాన్ని సుత గుంజుకున్నది డాక్టరమ్మ. తీసుకొని ఏమిచ్చింది? ఇంకోటిచ్చింది, అసలుది. వాకిట్ల సంచి వెట్టిండు మా ఆయన. నేను తల ఎత్తి పోదాం అంటే పోదుము. పండు ఇరిసుడు తప్పు కాదు, వాని గుండె నేనే ఇరిసిన అని నమ్మి తల వంచుడు తప్పు. అది ఎవ్వరు నా మీద ఎయ్యలే. అది నాదే.

కోడలు నా పక్కనే కూసొని కిటికీల బయటకు చూస్తున్నది. తల ఎనకభాగం కనపడ్తున్నది. నాకు మస్తు భయమైంది. నేను చూసిన అన్ని సీజన్లు ఇది చూస్తదా అని, తప్పు దీని నెత్తిన పడంగనే పాపను ఇంక ఎవ్వరు చూడరు అని. ఎట్ల చూడరో నాకు తెల్సు.

ఇంటికొచ్చేసరికి వదినె కుర్చీ ఏసుకొని కూసున్నది. కొడుకు పక్కన నిలవడ్డడు. ఫోన్ల వానికి చెప్పినం గద, వాడు మేనత్తకు చెప్పిండు.

"ఏమే, వికారాబాద్ పోయి ఏం తెచ్చినవ్?"

"కాయితం తెచ్చిన."

"కాయితం నాకితే నయమైతదా? పరిగిల ఆ రోజు ఏం చేసిందో అడిగినవా ముందు?"

"అడిగిన. రొట్టె తుంచిందంట."

వదినె కొడుకు దిక్కు చూసింది, చూసినవా అన్నట్టు. "అదే మరి. నీ పెండ్లామూ నీ తల్లీ ఒక్క బడిల చదివిండ్రురా. పరిగికి పంపియ్యి, అన్న ఇంట్ల కననీ. ఏమైనా ఆడనే అయితది."

కొడుకు నేల చూస్తుండు. తండ్రి లెక్కనే నిలవడ్డడు, సంచి వెట్టినోని లెక్క. ఎవరన్న చెప్తే పోతడు, చెప్పకుంటే ఆగుతడు.

నేను కాయితం ఇప్పి వాని చేతుల పెట్టిన. "చూడు. ఇవి కణాలు. నీ పెండ్లాం నెల తప్పింది అని నీకు చెప్పకముందే గుండె కట్టుడు షురూ అయింది. అప్పుడు నువ్వు శంషాబాద్ కిరాయికి పోయి రెండు రోజులు ఇంటికి సుత రాలే. నువ్వు ఏం ఇరిసినవో మరి?"

"అమ్మా..."

"ఎవ్వరు ఏం ఇరవలే. నీ అన్నకు సుత ఎవ్వరు ఇరవలే. ఎల్లుండి పట్నం పోతున్నం. పుట్టంగనే ఎక్కడికి తీస్కపోవాలెనో అడిగొస్తం. ఈ పిల్ల ఈడనే ఉంటది."

వదినె లేచింది. "నీ కొడుకును మింగి సాలలేదా నీకు?"

ఈ మాట ఆమె నా మొఖం మీద అనుడు గదే మొదలు. ఎనక ఎన్నిసార్లు అన్నదో. నేను అన్న, "నా కొడుకును పట్నం బస్సు ఎక్కనియ్యంది మీ అమ్మ, వదినె. తల వంచింది నేను. మింగినోళ్ళం మేమిద్దరం." కొడుకు మా ఇద్దరి దిక్కు చూసిండు. వానికి బస్సు సంగతి అప్పటిదాక ఎవ్వరు చెప్పలే.

పట్నం పోయినం. పుట్టినంక కొన్ని నెలలకు ఆపరేషన్ చెయ్యొచ్చు అన్నరు. చెయ్యొచ్చు అన్నరు, బతుకుతది అని రాసియ్యలే.

తొమ్మిది నిండినంక, పట్నం దవాఖానల చేరేతందుకు రెండు రోజులుండంగ, హోళీ పున్నమకు మల్ల చంద్రగ్రహణం వచ్చింది. పొద్దుమూకి చంద్రుడు పొడిచేటప్పటికే గ్రహణం పట్టి ఉంటదంట. వాడకట్టుల పొద్దుగాలకెళ్ళే ముద్ద ముట్టలే ఎవ్వరు. వదినె పిలవకున్నా వచ్చింది. తమ్ముని వంశం గద, నాకు ఫికర్ ఉండదా అని గుమ్మంల కూసున్నది. ఆమె అబద్ధం ఆడలే. ఆమెకు ఫికర్ ఉన్నది. గదే నా ఖర్మ, మా అత్తకు సుత ఉండె.

పొద్దు గుంకుతుండంగ అర్రలకెళ్ళి కోడలు పిలిచింది. "అత్తమ్మా, ఆకలైతున్నది."

నాకు కాయితం మొత్తం నోటికొచ్చు. రెండు దిక్కులకెళ్ళి నడిచి వచ్చుడు, గొట్టం, రెండో జట్టు. తొమ్మిది నెలలకు ఏం కాదు అని తలకు తెల్సు. నా కాళ్ళకు తెల్వదు. జొన్నరొట్టె గిన్నెల ఏసుకున్న, ఉల్లిగడ్డ తీసుకున్న, చాకు పట్టుకొని అర్రలకు పోయిన. నేను కోసి ఇస్త అనుకున్న. నేను కోస్తె తప్పు నాదే ఉంటది, అలవాటే గద.

కోడలు లేచి కూసున్నది. నా చేతులకెళ్ళి చాకు తీసుకున్నది. "తెండ్రి అత్తమ్మా, నేను కోసుకుంట."

"ఏయ్!" గుమ్మంలకెళ్ళి వదినె. "దానికేమన్న అయితే మీ ఇద్దరి నోట్ల మన్ను పోస్తరు ఊరోళ్ళు!"

"పొయ్యనీ," అన్న. "ముప్పై ఏండ్లకెళ్ళి పోస్తనే ఉన్నరు, నిండలే."

ఉల్లిగడ్డ టక్కుమని తెగింది. రెండు చెక్కలు, మల్ల నాలుగు. ఆ పిల్ల రొట్టె తుంచి, ఉల్లిగడ్డ నంచుకొని, బుక్క ఎనక బుక్క తిన్నది, వదినె దిక్కు చూసుకుంట. మెల్లగ చప్పుడు చేసుకుంట నమిలింది. ఏం దాచలే, కొంగుల ఏం ముడెయ్యలే.

నేను సంబరపడ్డ అనుకుంటున్నరేమో. నాకు కుళ్ళు పుట్టింది. ఇది రాసే పిల్ల మీదనే పుట్టింది. నాకు చాకు ఎవరిచ్చిండ్రు? నా గడపల ఎవరు నిలవడ్డరు? వంటింట్లకు పోయి ఖాళీ గిన్నెలు కడిగిన.

మనుమరాలు పుట్టి ఇప్పుడు ఐదో నెల. ఏడిస్తే పెదవులు నేరేడుపండే. తొట్టెలల ఏసిన నాడు అందరి ముందట ఏడ్చింది, నీలం పడ్డది. ఆడోళ్ళందరు ఒక్కసారి కోడలి చేతుల దిక్కు చూసిండ్రు. ఆ చూపు నాకు ఎరుకే. కోడలు పాప మోకాళ్ళు ఛాతికి ఆనిచ్చి పట్టుకున్నది, పట్నం డాక్టరు చూపిచ్చినట్టు. రంగు తిరిగి వచ్చేదాక పట్టుకొని అటెన్క తల ఎత్తింది.

"ఉల్లిగడ్డ కోసిన," అన్నది. "ఆకలైంది, కోసిన. ఇంకేమన్న అడుగుతరా?"

వదినె పళ్ళెంల చక్కెర సదురుకుంట కూసున్నది.

ఆపరేషన్ తారీఖు ఇచ్చిండ్రు. రేపు పొద్దుగాల బస్సు. పాప ఛాతి కోస్తరు, గోడకు గుడ్డ లెక్కటిది వెట్టి కుడ్తరంట, ఇరుకు దారి ఎడల్పు చేస్తరంట. ఇరిగినదాన్ని పట్నంల అతుకవెడ్తరా అని అడిగింది గద మా అత్త. అతుకవెడ్తరు అత్తా. అప్పుడు సుత పెడ్తుండిరి.

సంచి నేనే సదిరిన. కొడుకు వాకిట్ల పెట్టిండు, గదే జాగల. మా అత్త లేదు గని, అడ్డం ఇంకెవ్వరు కూసోకుంట నేను గడపల కూసొనే ఇది చెప్తున్న. రేపు పొద్దుగాల బస్సొచ్చేదాక ఈడకెళ్ళి లేవ.